డుమస్ తీరమునకు దారి: బండియా, విమానమా?

తపతీనది సముద్రమున గలియు చోట, సూరతు నగరమునకు నైరృతి దిక్కున సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున డుమస్ అను ఊరు కలదు. అచ్చటి ఇసుక నల్లనిది. దరియా గణపతి ఆలయము, టమాటా బజ్జీల అంగళ్లు, సాయంకాలపు సముద్రపు గాలి: ఇవియే అచ్చటి వేడుకలు. ఇసుకలో గూర్చుండుటకు టిక్కెట్టు లేదు. సామాన్య కుటుంబమునకు ఇంతకంటె చవుకయైన విహారస్థలము దొరకుట అరుదు. అయితే అచ్చటికి చేరుట చవుకయా? హైదరాబాదునుండి నలుగురైదుగురు గల కుటుంబము బయలుదేరదలచినచో కారున బోవుటయా, విమానమెక్కుటయా అను చర్చ తప్పక వచ్చును. ఈ చర్చ మన కాలమున బుట్టినదని తోచును గాని, ఇదే రెండు ప్రాంతముల నడుమ మూడువందల యేబది యేండ్ల క్రిందటనే ఇట్టి లెక్కలు వ్రాయబడి యున్నవి.

ఆ లెక్కలు వ్రాసినవాడు ఫ్రెంచి దేశపు రత్నవర్తకుడు టావెర్నియే. అతడు 17వ శతాబ్దమున పలుమారు భారతదేశమునకు వచ్చి, వజ్రముల కొరకై గోలకొండ రాజ్యమున సంచరించెను. 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున అతడు ప్రయాణసాధనములను, వాని బాడుగలను గూర్చి ఓపికగా వివరించెను. ఎద్దుల బండికి బాడుగ దినమునకు సుమారు ఒక రూపాయి. సూరతునుండి ఆగ్రాకు 35 మొదలు 40 దినముల ప్రయాణము. మొత్తము బాడుగ 40 మొదలు 45 రూపాయలు. సూరతునుండి గోలకొండకు దూరమును, బాడుగయు ఇంచుమించుగా అంతియే. అట్టి బండిలో ఇద్దరు సుఖముగా గూర్చుండవచ్చును.

త్వరగా బోవలెననువారికి పల్లకీ యుండెను. బోయీ యొక్కనికి నెలకు నాలుగు రూపాయలు. ప్రయాణము అరువది దినములు మించినచో ఐదు రూపాయలు. వేగముగా సాగవలెనన్నచో పండ్రెండుగురు బోయీలను గుదుర్చుకొని, వంతులవారీగా మోయింపవలెను. అనగా నెలకు 48 రూపాయలు, అదియు ఒక్క మనిషికి. బండి బాడుగ బండి మొత్తమునకు గట్టునది. పల్లకీ వ్యయము తలకు గట్టునది. ఒంటరివాడు పల్లకీ నెక్కి దినములను మిగుల్చుకొనవచ్చును. ఆలుబిడ్డలు గలవానికి బండియే గతి. నేటి కారునకును విమానమునకును గల భేదము సరిగా ఇదియే.

ఆ దినములలో కాలమునకు వెల తక్కువగా నుండెను. 1576లో అక్బరు మేనత్త గుల్బదన్ బేగము అంతఃపుర స్త్రీలతో గూడి సూరతున ఓడ యెక్కి మక్కాయాత్రకు వెడలినది. ఆమె రాజధానికి మరలి వచ్చుట 1582లో. మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఉద్యోగి. ఆయన 1830 మే 18న పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరెను. పదునైదు నెలలకు పైబడిన యాత్ర! నేటి ఉద్యోగికి అన్ని దినముల సెలవు దొరకుట కల్ల. కనుక మన లెక్కలో రూపాయల సరసన దినములను గూడ వ్రాయవలసియున్నది.

దినముల లెక్కను మార్చినది రైలు. 1864 నాటికి సూరతు బొంబాయితో గలిసినది. 1874లో వాడీ, సికిందరాబాదుల నడుమ నైజాము రైలుమార్గము తెరువబడుటతో హైదరాబాదు సయితము బొంబాయి త్రోవలో జేరెను. నలువది దినముల బండి ప్రయాణము కొలది దినములలోనికి దిగినది. రైలు ఛార్జీ తలకు గట్టునదే యైనను, తరగతులు పెక్కు గలవు; బీదవానికిని అందులో చోటున్నది. పల్లకీ వేగమును బండి చవుకదనమును ఒక్కచోట గూర్చిన మొదటి వాహనమదియే.

పిమ్మట విమానము వచ్చినది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపాలు దెచ్చెను. 1945లో హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేస్ వెలసి, 1953 జాతీయీకరణమున ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. అయినను చాలకాలము విమానము పెద్దల వాహనముగానే యుండెను. 2003లో ఎయిర్ దక్కన్ చవుక టిక్కెట్ల పద్ధతిని దెచ్చెను. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకము క్రింద కడప, హైదరాబాదుల నడుమ విమానము నడచినప్పుడు, సుమారు గంట ప్రయాణమునకు 2500 రూపాయలను గరిష్ఠ ధరగా కొన్ని సీట్లకు నిర్ణయించిరి. సూరతు విమానాశ్రయము డుమస్ రోడ్డు ప్రక్కనే యున్నది. అచ్చట 2007లో ఢిల్లీ విమానము నడువనారంభించెను; 2023 డిసెంబరు 17న క్రొత్త టెర్మినల్ భవనము ప్రారంభింపబడెను. ఇట్లు పూర్వము సూరతునుండి పోవుటకు సయితము బండి గట్టవలసిన డుమస్, విమానము దిగినవానికి గుమ్మము ముందరి ఊరైనది.

ఇప్పుడు కుటుంబపు లెక్క చూతము. హైదరాబాదునుండి సూరతునకు రోడ్డు దూరము తొమ్మిదివందల కిలోమీటర్లకు పైమాట. రాకపోకలు 1900 కిలోమీటర్లనుకొని, లీటరునకు 15 కిలోమీటర్లు నడచు కారును, నూరు రూపాయల పెట్రోలును లెక్కకు దీసికొన్నచో ఇంధనమునకే 12,700 రూపాయలగును. టోలు రుసుములు, త్రోవలో రాత్రి బసలు దీనికి జేరును. విమానపు టిక్కెట్టు ఒకవైపునకు ఐదు వేలనుకొన్నచో, ఒక్కనికి రాకపోకలకు పదివేలు. కారు కంటె విమానమే మేలు. ఇద్దరికి ఇరువది వేలు. త్రాసు ఇంచుమించు సమము. ఐదుగురికి యేబది వేలు. అప్పుడు కారునకు సాటి లేదు. రెండేండ్లు దాటిన బిడ్డకు విమానమున ఇంచుమించు పెద్దల ఛార్జీయే. అయితే కారున ఒక్కొక్క వైపునకు పదునారు గంటలకు తక్కువ పట్టదు. పిల్లలతో రెండు దినములు. వారము సెలవులో నాలుగు దినములు రోడ్డు మీదనే గడచును.

కేంద్రప్రభుత్వోద్యోగి లెక్క మరియొక విధమైనది. సెలవు ప్రయాణ సౌకర్యము 1956లో ప్రవేశపెట్టబడినప్పుడు స్వగ్రామమునకు బోవుటకే వర్తించెను. పిమ్మట నాలుగేండ్లకొకమారు దేశమున ఏ ప్రాంతమునకైన బోవు వీలు గలిగెను. 1988 నాటి నియమావళి ప్రకారము స్వంత కారు గాని, అద్దె కారు గాని వాడినచో ఆ వ్యయము తిరిగి రాదు. విమానము హోదాను బట్టి లభించునది. రైలు అందరికిని లభించును. పైగా ఆ నియమములలోని కుటుంబమను మాటలో ఉద్యోగిపై పూర్తిగా ఆధారపడి యున్న తల్లిదండ్రులును జేరుదురు.

ఈ చివరి మాట చిన్నది కాదు. తలకొక టిక్కెట్టు అనగానే తగ్గింపబడునది తలయే. పిల్లలను విడువజాలరు, భార్యాభర్తలు పోకతీరదు, “నాకెందుకురా ఈ వయసున” అని ముందుగా తప్పుకొనునది ఇంటిలోని ముసలితల్లి. ఆమె మాటను సౌకర్యముగా భావించి, అందరును ఊరకుందురు. కారున నైదవ చోటు ఆమెకు వేరు వ్యయము లేకయే దొరకును, కాని పదునారు గంటలు ఆమె నడుము తాళదు. రైలున పండుకొని పోవచ్చును. చవుకయైన ప్రయాణమనగా తక్కువ రూపాయలతో ముగియునది మాత్రమే కాదు; ఇంట నెవ్వరిని విడిచిపెట్టనిదియు నగును.

ఈ సత్యమును సూరతునందలి తెలుగువారు చిరకాలముగా నెరుగుదురు. తెలంగాణ జిల్లాలనుండి, ముఖ్యముగా పద్మశాలి కుటుంబములు, మగ్గముల పనికై అచ్చటికి వలసపోయి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. పండుగలకు, పెండ్లిండ్లకు వారు ఊరు జేరునది రైలున, బస్సున. వరంగల్లు, సూరతుల గుండా బోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు పేరు వారి ఇండ్లలో చుట్టపు పేరు వంటిది. మూటలు, ముసలివారు, చంటిబిడ్డలు, అందరును గలిసియే పోవుదురు.

సెలవు దొరకిన సాయంకాలమున వారును నగరపు బస్సులో డుమస్ తీరమునకు వత్తురు. హైదరాబాదునుండి కారున వచ్చినవారు, విమానము దిగి వచ్చినవారు, రైలు దిగి వచ్చినవారు అదే నల్లని ఇసుకలో గూర్చుందురు. టావెర్నియే కాలమున బండివాడు నలువది దినములకును, పల్లకీవాడు అంతకు ముందును చేరినట్లే, నేడును కొందరు ముందు, కొందరు వెనుక. సముద్రము వచ్చిన త్రోవ నడుగదు. తోడు వచ్చినవారెవ్వరో, ఇంట మిగిలినవారెవ్వరో మాత్రము ఆ కుటుంబమునకు చాలకాలము గుర్తుండును. వాహనమును నిర్ణయించుటకు ముందు లెక్కింపవలసినది ఇదియే.