పాదాంతం ఎక్కడ?



2009లో నరసరావుపేటలో మా మేనల్లుడి లైనక్స్ కంప్యూటరు మీద పల్నాటి వీరచరిత్రలోని కొంత భాగాన్ని, పాదానికొక వరుస చొప్పున, నెల రోజులు కూర్చుని టైపు చేశాను. అచ్చు తీయించుకుందామని నెట్ సెంటరుకు తీసుకెళ్తే, విండోస్ నోట్‌ప్యాడులో పాదాలన్నీ కలిసిపోయి ఒకే ప్రవాహమయ్యాయి. అక్షరం ఒక్కటీ చెడలేదు, పాదాంతాలే మాయమయ్యాయి. "ఎంటర్ కొట్టడం మరిచిపోయారు మాస్టారూ" అన్నాడు అక్కడి కుర్రవాడు. జీవితమంతా ఛందస్సు చెప్పిన వాణ్ణి, చిన్నబోయాను.

కారణం తరువాత తెలిసింది. టెలిటైపు యంత్రంలో వరుస మారడానికి రెండు పనులు జరగాలి: అచ్చుతల ఎడమ అంచుకు రావాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. మొదటిది క్యారేజ్ రిటర్న్, రెండవది లైన్ ఫీడ్. ఆస్కీలో వాటి సంఖ్యలు 13, 10. (మన టైపు మిషనులో ఈ రెంటినీ ఒక్క మీటే చేసేది.) సెకనుకు పది అక్షరాలు కొట్టే మోడల్ 33 యంత్రంలో తల వెనక్కి రావడానికి ఒక అక్షరకాలం చాలదు కనుక, ముందు 13, ఆ వెనుక 10 పంపేవారు.

యంత్రం పోయింది, ఆచారం మిగిలింది. యూనిక్సు 10 ఒక్కటే చాలనుకున్నది, లైనక్స్ దాని బాటే. 1981 నాటి డాస్, దాని వెనుక విండోస్, రెంటినీ ఉంచుకున్నాయి. పాత మాకింటాష్ 13తో సరిపెట్టుకుంది. 1998 నాటి ఎక్స్ఎమ్ఎల్ మాత్రం ఏది వచ్చినా చదివేటప్పుడు 10గా మార్చుకోవాలని నియమం పెట్టింది. హెచ్‌టీఎమ్ఎల్ తీరు వేరు, అది వరుస విరుపును మామూలుగా ఖాళీ జాగాగానే చూస్తుంది. పద్యం పెట్టాలంటే బీఆర్ వంటి గుర్తు వేయాలి. నోట్‌ప్యాడుకు ఒంటి 10 అర్థమైనది 2018లో!

అయినా మన తాటాకుల మాటేమిటి? లేఖకుడు పాదానికొక వరుస కేటాయించేవాడు కాడు, ఆకు అంచు దాకా ఘంటం నడిపేవాడు. పాదం ఎక్కడ ముగిసిందో చదువరే గ్రహించాలి. శ్రీనాథుని పేర చెల్లే ఈ కావ్యం మంజరీద్విపద, ప్రాస ఆసరా లేదు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడవ గణం మొదట యతి: ఇవే గురుతులు. కారెంపూడి ఉత్సవాలలో పాడే వీరవిద్యావంతులకు ఆ లెక్కయినా అక్కరలేదు, పాదాంతం వారి గొంతులోనే ఉంటుంది.

ఆ కలగాపులగాన్నే అచ్చు తీయించి ఇంటికి తెచ్చాను. పెన్సిలుతో గణాలు విడగొడుతూ రెండు రోజులలో పాదాలన్నీ వేరుచేశాను. ఒకచోట మాత్రం ఎంత చేసినా గణం కుదరలేదు. పుస్తకం తీసి చూస్తే, టైపులో నేనే ఒక అక్షరం వదిలేశాను. వరుసలు తీరుగా ఉన్న నెల రోజులూ అది నా కంట పడనే లేదు.