యానాంలో మా కాపురం

యానాంలో పాత ఇల్లు బాగుచేయించుకుని స్థిరపడ్డామని తెలిసిన దగ్గరనుంచి లండన్ మిత్రులు ఫోనులో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అక్కడ అందరూ ఫ్రెంచి మాట్లాడతారా?" మాట్లాడరు. ఇక్కడిది అచ్చంగా గోదావరి జిల్లా తెలుగు, మాట చివర "ఆయ్" అనే తెలుగు. రెండో ప్రశ్న ఇక్కడ చవకగా దొరికే ఒక ద్రవపదార్థాన్ని గురించి. దానికి జవాబు మన సంఘం పత్రిక గౌరవాన్ని దృష్టిలో పెట్టుకుని వ్రాయడం లేదు. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు గాని, మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో నిలబడి అడుగుతున్నారు: "నూతి మీద గోడ ఎవరు కట్టారండీ?" ఈ వ్యాసం దానికి జవాబు. జవాబు కొంచెం దూరంనుంచి మొదలుపెట్టాలి.

గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే ముందు కోరంగి పాయ విడిపోయేచోట వుంది యానాం. కాకినాడకు బస్సులో గంట ప్రయాణం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పరిపాలన మాత్రం ఎక్కడో 800 కిలోమీటర్ల పైన వున్న పుదుచ్చేరినుంచి. మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. ఇంత చిన్న ముక్క మ్యాపులో విడిగా మిగలడానికి కారణం గుడ్డ.

గోదావరి డెల్టాలో నేసిన బట్టకు ఐరోపాలో గిరాకీ వున్న రోజులవి. ఫ్రెంచి కంపెనీ 1723లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. లాభం కనపడక నాలుగేళ్ళకే ఎత్తేసి, 1731లో మళ్ళీ వచ్చింది. కూతవేటు దూరంలో ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీ. ఇద్దరికీ కావలసింది ఆ నేతగాళ్ళే, ఆ బట్టే. బుస్సీ ఉత్తర సర్కార్లు సంపాదించినప్పుడు ఫ్రెంచివాళ్ళది పైచేయి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడాక అది పోయింది. తర్వాత ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాం పట్టుకోవడం, సంధి కాగానే తిరిగి ఇచ్చెయ్యడం. 1778లో ఒకసారి, 1793లో ఒకసారి. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1817లో తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చింది; ఆపైన 1954 వరకూ చేతులు మారలేదు. పారిస్‌లో సంతకం పెట్టినవాళ్ళలో ఈ వూరు చూసినవాడు ఒక్కడైనా వున్నాడని మేము అనుకోము.

పక్కనే వున్న కోరంగి సంగతి మన పాఠకులకు ప్రత్యేకించి తెలియాలి. మూడు తరాలుగా దేశాలు పట్టి తిరుగుతున్న మనందరికీ అది ముత్తాతలాంటి వూరు. ఓడలు కట్టే రేవు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన దాన్ని ముంచేసింది. రేవు చితికినా పేరు చావలేదు. ఇటునుంచి ఓడ ఎక్కినవాళ్ళను బర్మాలో "కొరంగీ"లన్నారు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి ద్వీపమైన రీయూనియన్‌లో చెరకు తోటలకు 1820ల చివర్లో మొదటి కూలీలను పట్టుకుపోయింది యానాంనుంచే. మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళ కథా ఈ తీరానిదే. మేము విమానంలో వెళ్ళాము గనక మేమేదో కొత్తగా చేశామనుకున్నాము.

మా ఇంటి కథకు కావలసిన మొదటి సంవత్సరం 1930. ఆ ఏడు ఏప్రిల్‌లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలులోకి వచ్చి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరమయ్యాయి. ఆ చట్టం యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని, బాజాలతో సహా, ఇక్కడకు వచ్చి తాళి కట్టించుకుని పోవడం మొదలుపెట్టారు. మా నాయనమ్మ కోనసీమ పిల్ల. తొమ్మిదో ఏట పడవలో గౌతమి దాటించి తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళి చేశారు. ఆవిడ పెళ్ళి గురించి ఎప్పుడు అడిగినా పడవలో తనకు నిద్ర వచ్చిందనీ, లేపి పీటలమీద కూర్చోబెట్టారనీ చెప్పేది. ఇంకేమీ చెప్పేది కాదు. యానాం చరిత్ర వ్రాసేవారు ఈ పెళ్ళిళ్ళను ఒక వింతగా, నవ్వుతూ వ్రాస్తారు. మాకు నవ్వు రాదు.

వేరేవాళ్ళు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారు. నాయనమ్మ ఇక్కడే వుండిపోయింది, పెళ్ళికొడుకుదే ఈ వూరు గనక. మా తాతయ్య, చినతాతయ్య ఇద్దరే అన్నదమ్ములు. తాతయ్యకు ధాన్యం వ్యాపారం. చినతాతయ్య ఫ్రెంచి బడిలో చదివి సైగాన్ వెళ్ళి ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఫ్రెంచి ఇండియానుంచి ఎంతోమంది ఆ రోజుల్లో అలా ఇండో-చైనా వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక గోడ గడియారం, వేడి కాఫీలో రొట్టె ముంచుకుని తినే అలవాటు తెచ్చుకున్నాడు.

1947లో చుట్టూ స్వరాజ్యం వచ్చింది, యానాంలో రాలేదు. 1949 నుంచి చుట్టూ కస్టమ్స్ కాపలా బిగిసింది. మంగళవారం సంతకు విదేశీ సరుకు కోసం వచ్చే జనానికి సోదాలు. తాతయ్య ధాన్యం బండ్లకు సోదాలు. ఆయన విలీనవాది కావడంలో దేశభక్తి పాలెంత, బండ్ల పాలెంత అని మా నాన్నగారు చివరిదాకా లెక్కలు వేస్తూనే వున్నారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన విలీనవాదులు యానాం స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటు వేశారు: 178 మందిలో 170 మంది విలీనానికి అనుకూలం. నవంబరు 1న పరిపాలన భారతదేశం చేతికి వచ్చింది. ఒప్పందంపై 1956 మే 28న సంతకాలైనా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొంది అమలులోకి వచ్చింది మాత్రం 1962 ఆగస్టు 16న.

గోడ అక్కడ పుట్టింది. ఈ గడ్డమీద పుట్టి ఇక్కడే వుంటున్న ఫ్రెంచి జాతీయులు ఆ రోజునుంచి భారతీయులవుతారు; వద్దనుకుంటే ఆరు నెలల్లోగా లిఖితపూర్వకంగా చెప్పి ఫ్రెంచి పౌరసత్వం వుంచుకోవచ్చు. దీన్ని "ఆప్షన్" అన్నారు. పుదుచ్చేరిలో చాలామంది ఇచ్చారు. యానాంలో తక్కువ. ఆ తక్కువమందిలో మా చినతాతయ్య ఒకడు. అన్నగారితో చెప్పకుండా ఇచ్చాడు. తమ్ముడు ఇంకో దేశపువాడై తన ఇంట్లో కాపురం వున్నాడని తాతయ్యకు బజారులో ఎవరో చెప్పారు.

1963 వేసవిలో మండువా మధ్యనుంచి గోడ లేచింది. పెరట్లోకి వచ్చేసరికి నుయ్యి అడ్డం వచ్చింది. తాపీవాళ్ళు నూతి మీద దూలం వేసి, దానిమీద గోడ నిలబెట్టారు. అటో కప్పీ, ఇటో కప్పీ. అన్నదమ్ములు చనిపోయేదాకా మాట్లాడుకోలేదు. నాయనమ్మా, ఆవిడ తోటికోడలూ మాత్రం నూతి వరలోకి వంగి దూలం కిందనుంచి మాట్లాడుకునేవారు. పచ్చడి గిన్నెలు బొక్కెనలో దించితే రెండోవైపు బొక్కెనలోకి మారేవి. చిన్నప్పుడు సెలవులకు వచ్చిన మాకు ఇది ఒక ఆట. 1970లలో చినతాతయ్య కొడుకు కుటుంబాన్ని తీసుకుని ఫ్రాన్సు వెళ్ళిపోయాక ఆ సగానికి తాళం పడింది. 1986 ఆగస్టు వరదనీళ్ళు, 1996 నవంబరు తుపాను రెండు సగాలనూ ఒకేలాగ తడిపాయి.

మేము ఇల్లు బాగుచేయిస్తుంటే వూళ్ళో పెద్దలు కొందరు సలహా ఇచ్చారు: వాళ్ళు ఫ్రెంచివాళ్ళు, తిరిగి రారు, ఆ సగం కూడా కలిపేసుకోండి, అడిగేవాడెవడు అని. చిన్నప్పటినుంచి చినతాతయ్య పేరు చెడ్డమాటగా విన్నవాళ్ళం. ఒక పూట ఆలోచించామని ఒప్పుకోవాలి. తర్వాత బీరువాలోనుంచి మా కాగితాలు తీసి చూసుకున్నాము. బ్రిటిష్ పాస్‌పోర్టులు. పక్కన ఓ.సి.ఐ. కార్డులు. మేము రాణిగారికి విధేయులమై వుంటామని ప్రమాణం చేసి, ఆ సాయంత్రం మన సంఘం హాలులో మిఠాయిలు పంచాము. ఒక్కరు కూడా మా మీద గోడ కట్టలేదు.

ఇంటి అసలు దస్తావేజు ఫ్రెంచిలో వుంది, కింద ముత్తాత తెలుగు సంతకంతో. వూళ్ళో చదివి చెప్పగలవారు దొరకలేదు. ఫొటోలు తీసి చినతాతయ్య మనవరాలికి ఫ్రాన్సుకు పంపాము. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, మాట్లాడడం కొద్దిగా వచ్చు. రెండు రోజులకు ఫోను చేసి మెల్లగా ఒక్కొక్క వాక్యమే చెప్పింది. ఇల్లు కొడుకులిద్దరికీ సమానం. నుయ్యీ, పెరటి దారీ ఎన్నటికీ పంచుకోకూడదు. "వేరే కాగితం ఏదైనా వుందా?" అని అడిగింది. లేదన్నాము. "అయితే గోడ తప్పే కదా అన్నయ్యా" అంది.

ఆగస్టు 16న ఇక్కడ సెలవు, జెండా వందనం. ఆ వారం వస్తానంది, తాళంచెవి వాళ్ళ నాన్న డ్రాయరులోనే వుందట. తను చూసేదాకా గోడ ముట్టుకోవద్దంది. అలాగే వుంచాము. కప్పీలు రెండూ తుప్పుపట్టి వుంటే రెండూ మార్పించాము.