డోర్నకల్ కథీడ్రల్: ముందు జనం, తర్వాత గుమ్మటాలు

డోర్నకల్ అప్పట్లో నిజాం రాజ్యంలో ఒక చిన్న రైల్వే జంక్షన్. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య ఈ ఊరికి బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. ఆయనది తిరునెల్వేలి. అక్కడి క్రైస్తవులు 1903లో సొంతంగా పెట్టుకున్న మిషనరీ సొసైటీ తరఫున 1909లోనే ఇటు వచ్చి, తెలుగు నేర్చుకున్నారు.

బిషప్ వచ్చారు గానీ కథీడ్రల్ లేదు. జనం మాత్రం దాని కోసం ఆగలేదు. బందరు వైపు చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) సంఘాలు కూడా కలిశాక డయాసిస్, అంటే బిషప్ పాలనా పరిధి, కృష్ణా తీరం దాకా పాకింది. 1941 నాటికి విశ్వాసులు రెండు లక్షలు దాటారు. అత్యధికులు మాల, మాదిగ పల్లెల కూలి జనం. పల్లెలో బడి చెప్పే పంతులే ప్రార్థనా నడిపించేవాడు. వండేముందు పిడికెడు బియ్యం గుడి కోసం పక్కన పెట్టడం, కోత పండుగకు ధాన్యం తేవడం ఇక్కడి ఆనవాయితీ. పేదవాళ్లయినా సరే, తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని అజరయ్య పట్టుబట్టేవారు.

ఇదే నిజాం రాజ్యంలో, 1924లో, మెదక్‌లో వెస్లియన్ మిషన్ 175 అడుగుల శిఖరంతో గోతిక్ చర్చిని ప్రతిష్ఠించింది. చూడముచ్చటైన కట్టడమే, కానీ రూపం ఇంగ్లండుది. అజరయ్య ఆ దారి పట్టలేదు. డోర్నకల్‌లో హిందూ గుడి మంటపాల తరహా స్తంభాలు లేచాయి. వాటి మీద మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు. క్రైస్తవం దొరల మతమన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు ఉపన్యాసాల్లో దొరకదనిపిస్తుంది.

ఆ జవాబు పూర్తికావడానికి చాలాకాలం పట్టింది. ఆయన బిషప్ అయిన ఇరవయ్యారేళ్లకు, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అది ఎపిఫనీ పండుగ రోజు. తూర్పు దేశపు జ్ఞానులు శిశువు యేసును దర్శించుకున్న సందర్భం. కథీడ్రల్‌కూ ఆ పండుగ పేరే పెట్టారు.

దక్షిణాదిలోని ప్రొటెస్టెంటు శాఖలను ఏకం చేయాలని 1919 నాటి తరంగంబాడి సమావేశం నుంచీ అజరయ్య తపించారు. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడేనాటికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. మెదక్, డోర్నకల్ రెండూ ఆ కొత్త సంఘంలో డయాసిస్‌లయ్యాయి.