త్రీస్టార్ నీతి

ఫోన్ తెర మీద ఒళ్ళు చూపి డబ్బు సంపాదించే ఆడమనిషి మీద ఇవాళ అందరికీ కోపమే. చూసేవాడికి పేరుండదు. ఆమె పేరు, ఊరు, కులం మాత్రం బజార్న పడతాయి. ఇదంతా ఇంటర్నెట్ తెచ్చిన జబ్బు అంటారు. ఆ కోపం అంతకంటే పాతది. బొంబాయి డాన్స్‌బార్ల చరిత్ర తిరగేస్తే దాని అసలు రంగు తెలుస్తుంది.

2005లో మహారాష్ట్ర ప్రభుత్వం బొంబాయి పోలీసు చట్టానికి 33ఎ, 33బి అని రెండు సెక్షన్లు చేర్చింది. మొదటిది బీరుబార్లలో, పర్మిట్‌రూముల్లో డాన్సు బందు చేసింది. రెండోది త్రీస్టారూ ఆపై హోటళ్ళనూ, సభ్యులకే ప్రవేశముండే జింఖానాలనూ ఆ నిషేధం నుంచి తప్పించింది. అంటే డాన్సు తప్పు కాదు. ఎవరు ఆడుతున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నదే తప్పు!

బార్లలో ఆడినవాళ్ళలో చాలామంది నట్, రాజ్‌నట్, భాటు, దేరేదార్ వంటి కులాల ఆడవాళ్ళు. ఆటపాటలే వాళ్ళ కులవృత్తి. దొరల పంచన ఆడినంతకాలం అది కళ. మహానగరంలో తన డబ్బు తాను లెక్కపెట్టుకునేసరికి అది అశ్లీలమైపోయింది.

అయితే ఈ నిషేధాన్ని సమర్థించినవాళ్ళలో దళిత స్త్రీవాదులూ ఉన్నారు. దీన్ని దాటేసి పోలేం. కులమే ఈ గతి పట్టిస్తే దాన్ని ఉపాధి హక్కని ఎట్లా పిలుస్తారని వాళ్ళడిగారు. మాల, మాదిగ ఆడపిల్లల్ని దేవత పేరు చెప్పి జోగినులుగా ఊరి మగాళ్ళకి వదిలిన తెలంగాణ పల్లెలు తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న బరువేంటో తెలుసు. దాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 1988 దాకా ఆగాల్సొచ్చింది.

1936 జూన్‌లో బొంబాయి దామోదర్ హాల్లో మురళీలు, జోగ్తినులు, దేవదాసీల సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ మాట్లాడారు. ఈ బతుకు వదలండి, పెళ్ళిళ్ళు చేసుకుని అందరిలా బతకండి అని కరాఖండిగా చెప్పారు. కఠినమైన మాటే, ఇవాళ ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. కానీ ఆయన వాళ్ళ ఎదుట నిలబడి, వాళ్ళని తనతో రమ్మని పిలుస్తూ చెప్పిన మాట అది. మహారాష్ట్ర సర్కారు వాళ్ళని పిలవలేదు. హోటళ్ళ నక్షత్రాలు లెక్కపెట్టింది. ఈ రెంటినీ ఒక గాటన కట్టడం మన వాదానికే చేటు.

హైకోర్టు 2006లో ఆ సెక్షన్లు కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేస్తూ, నిషేధం వల్ల చాలామంది కుటుంబాల్ని సాకడానికి వ్యభిచారంలోకి దిగాల్సొచ్చిందని చెప్పింది. స్త్రీల గౌరవం కాపాడతామని తెచ్చిన చట్టం చేసిన పని ఇది. సర్కారు ఊరుకోలేదు. 2014లో స్టార్ హోటళ్ళనీ కలిపి మళ్ళీ నిషేధించింది, 2016లో ఇంకో చట్టం తెచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాని షరతులు కొన్ని తీసేసింది.

ఇప్పుడు ఆ నక్షత్రాలు లెక్కపెట్టే పని బ్యాంకులకీ దక్కింది. 2021 ఆగస్టులో లండన్ కంపెనీ ఓన్లీఫాన్స్ బ్యాంకుల ఒత్తిడి అని చెప్పి లైంగిక దృశ్యాల్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించి, వారం తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. ఆ వారమంతా దాని మీదే బతికే ఆడవాళ్ళు రేపటి కూడు ఎట్లా అని చూసుకున్నారు. చూసేవాళ్ళ జోలికి మాత్రం ఏ బ్యాంకూ పోలేదు.