ఒకే మందు, వేరు స్ఫటికము

పిఠాపురమున ఏ కిరాణా కొట్టునందైనను పంచదారయు పటికబెల్లమును ప్రక్కప్రక్కనే ఉండును. కంటికి రెండును వేరు. కాని పలుకు పెద్దదగుటయే తప్ప వీనిలో భేదము లేదు. లోపలి అణువుల పేర్పు ఒక్కటే. శ్రోతలకు నేడు విన్నవింపబోవునది దీనికి తలక్రిందులైన విషయము. చూచుటకు ఒకే తెల్లని పొడి, అందలి అణువులును అవే; వాని పేర్పు మాత్రము వేరు.

సేంద్రియ పదార్థములలో ఈ వింతను 1832లో వోలర్, లీబిగ్ అను జర్మను శాస్త్రజ్ఞులు గమనించిరి. వేడినీట కరగించిన బెంజమైడు చల్లారగా మొదట సన్నని సూదులవలె పేరుకొని, పిమ్మట దళసరి స్ఫటికములుగా మారినది. ఇప్పుడైతే పొడిపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి, అవి చెదరిన కోణములనుబట్టి రూపమును గుర్తింతురు. కరగు ఉష్ణోగ్రతను, తేమను పీల్చు గుణమును కూడ పరీక్షింతురు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. 1998లో రిటోనవిర్ అను ఎయిడ్సు మందునందు సులువుగా కరగని క్రొత్త రూపము తలవని తలంపుగా పుట్టి, ఆ గొట్టపు బిళ్ళల తయారీయే ఆగిపోయినది.

తెలుగునాట ఈ విద్యకు హైదరాబాదు నెలవైనది. అచటి విశ్వవిద్యాలయమున పనిచేయుచు గౌతమ్ దేశిరాజు 1989లో స్ఫటిక నిర్మాణమును గూర్చి గ్రంథము వెలువరించిరి. స్ఫటికము న్యాయస్థానమున కెక్కిన కథలోను ఆ నగరమునకు పాత్ర కలదు.

ఇమాటినిబ్ అనునది ఒక తెగ రక్తపు కాన్సరుకు మందు. దాని అణువునకు అమెరికాలో 1996లోనే పేటెంటు లభించినది. తరువాత నోవార్టిస్ అను స్విస్ సంస్థ దాని మెసిలేట్ లవణమునకు ‘బీటా’ స్ఫటిక రూపమును కనుగొని, 1998 జూలైలో చెన్నైలో దరఖాస్తు పెట్టినది. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థయు, కాన్సరు రోగుల సంఘమును, మరికొందరును అభ్యంతరము తెలిపిరి. తెలిసిన పదార్థపు క్రొత్త రూపము గుణమున మిన్న కానిచో ఆవిష్కారము కాదని 2005లో సవరించిన మన చట్టపు 3(డి) సెక్షను చెప్పుచున్నది. 2006 జనవరిలో దరఖాస్తు త్రోసివేయబడినది.

ఆ దినములలో కంపెనీ మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలుండెను. దేశీయపు మాత్రలు సుమారు 10,000 ఉండెను. రెండెకరముల వరిచేను గల రైతు ఇంట ఈ రోగము పుట్టినచో ఈ అంతరమునకు అర్థమేమో చెప్పనక్కరలేదు. చాలమందికి ఉచితముగా ఇచ్చుచున్నామని కంపెనీ చెప్పినది; అదియు అబద్ధము కాదు. కాని దానముపై ఆధారపడు రోగి పరిస్థితి వేరు.

బీటా పొడి చక్కగా జారును, నిలుకడగా ఉండును, తేమను తక్కువ పీల్చును. దానిని కనుగొన్నవారి శ్రమ చిన్నది కాదని నా అభిప్రాయము. అయినను అవి మాత్ర చేయువానికి కలుగు మేళ్ళు. మందునకు గుణమనగా రోగమును కుదుర్చు శక్తియేనని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అఫ్తాబ్ ఆలం, రంజనా దేశాయ్ నిర్ణయించిరి. స్ఫటిక రూపములకు ఎన్నడును పేటెంటు ఈయరాదని మాత్రము వారు అనలేదు. ఈ దరఖాస్తునందు అట్టి గుణాధిక్యమునకు ఋజువు కానరాలేదనిరి.