ఇంకొకరి పేరు మీద వీసా

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడప, రాయచోటి పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వలసలు కలుస్తాయి. ఒకటి కువైట్ ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లది. రెండోది, నంద్యాలలో 1995లో మొదలైన రాజీవ్‌గాంధీ మెమోరియల్ కాలేజీ వంటి చోట్ల ఇంజనీరింగ్ చదివి అమెరికా చేరేవాళ్లది. మొదటిదాన్ని ఊళ్లో గొంతు తగ్గించి చెప్పుకుంటారు. రెండోది పెళ్లిచూపుల్లో మొదటి మాటగా వస్తుంది. ఈ తేడా నిన్నమొన్నటిది కాదు.

మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు మన దేశపు ఒప్పంద కూలీలు పోవడం దాంతోనే మొదలు. తోటల యజమానులకు కావలసింది మగవాళ్ల రెక్కలు. ప్రతి వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వచ్చాకే స్త్రీలను వెతకడం పెరిగింది. దొరికింది ఎక్కువగా వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్లు, కరువుకు ఊరు విడిచినవాళ్లు. 1876-78 ధాత కరువు కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టినప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి బయటి దేశాలకు పోయేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. ఫిజీ తోటల్లో మగవాడికి రోజు పనికి 12 పెన్నీలు, ఆడమనిషికి 9.

ఆ 9 పెన్నీల గురించి మన జాతీయోద్యమం పెద్దగా మాట్లాడలేదు. 1913లో ఫిజీ నుంచి కుంతి అనే కూలీ కథ కలకత్తా ‘భారత్ మిత్ర’ పత్రికలో వచ్చింది. మీదపడబోయిన ఓవర్సీరు నుంచి తప్పించుకోవడానికి ఆమె నదిలో దూకింది. దేశం భగ్గుమంది. 1917 జనవరిలో అలహాబాద్ సభలో హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు ఒప్పంద కూలీ పద్ధతిని దుయ్యబట్టారు. ఆ ఏడాదే కూలీల నియామకం ఆగింది. అంత ఘోరమైన పద్ధతిని ఆపడం గొప్ప విజయమే. కానీ ఆ పోరాటంలో స్త్రీ దేశం పరువుగా నిలబడింది తప్ప కూలి అడిగే పనిమనిషిగా కాదు. పరువుకు కాపలా కావాలి, కూలికి హక్కు కావాలి. మన చట్టాలు మొదటిదాన్నే పట్టుకున్నాయి.

అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఇంకో ముడి పడింది. 1913 మార్చిలో జస్టిస్ సెర్ల్ ఇచ్చిన తీర్పు క్రైస్తవేతర పెళ్లిళ్లను చెల్లనివ్వలేదు. రేవులో దిగిన స్త్రీ భార్య అవునో కాదో తేల్చే పెత్తనం వలస అధికారి చేతికి పోయింది. స్త్రీలు సత్యాగ్రహం చేసి జైళ్లకు పోయాకే 1914లో ఆ చిక్కు విడింది.

మన దేశంలో 1922 వలస చట్టం స్థానంలో 1983లో కొత్తది వచ్చింది. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుంది. అంటే ఎనిమిదిలో బడి మాన్పించి పెళ్లి చేసిన అమ్మాయికి ఆ పెళ్లి నీడ పాస్‌పోర్టు దాకా వస్తుంది. ముప్పై నిండందే గల్ఫ్‌లో ఇంటిపనికి పోకూడదన్నారు. 2014లో కువైట్ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలన్నారు, 2017లో ఎత్తేశారు. అప్పు ముప్పై దాకా ఆగదు. కాబట్టి ఏజెంటు విజిట్ వీసా చేయిస్తాడు, వయసు దిద్దిస్తాడు. నిషేధం ఆమెను ఇంట్లో ఉంచలేదు, ఏజెంటు చేతిలో పెట్టింది.

కువైట్‌లో ఆమె ‘ఖద్దామా’, అంటే ఇంటి పనిమనిషి. వీసా నంబరు 20. అకామా, అంటే నివాస అనుమతి, కఫీల్ (పూచీ ఉన్న యజమాని) పేరు మీద ఉంటుంది. చాలా ఇళ్లలో పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంటుంది. ఇల్లు విడిచి బయటికొస్తే పరారీ కేసు. ఇంటిదగ్గర బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంటాడు, ఆమె ఎత్తుకునేది మేడమ్ బిడ్డను. అయినా ఆమెను ఏడుపుబొమ్మగా చూపడం నాకు ఇష్టం లేదు. అప్పు తీర్చింది, మిద్దె కట్టింది ఆ డబ్బే. కొన్ని ఇళ్లలో కొడుకు ఇంజనీరింగ్ ఫీజూ అదే. మూడో ప్రపంచపు స్త్రీలందరినీ ఒకే నిస్సహాయ మూర్తిగా గీయొద్దని స్త్రీవాద సిద్ధాంతకర్త చంద్రా తల్పదే మొహంతి 1984లోనే గట్టిగా వాదించారు.

ఇక అమెరికా దారి. హెచ్-1బీ భర్త వెంట పోయిన ఇంజనీరు భార్యది హెచ్-4. 2015 మే దాకా ఆ వీసా మీద ఉద్యోగమే లేదు. తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అనుమతి. కాపురం చెడితే దేశంలో ఉండే హక్కూ చెడుతుంది. కువైట్‌లో కఫీల్, డల్లాస్‌లో భర్త. ఈ ఇద్దరు ఆడవాళ్ల జీతం, చదువు, భద్రత ఒకటి కావు, ఇద్దరినీ ఒక గాట కట్టలేం. కాగితం మాత్రం ఇద్దరిదీ ఇంకొకరి చేతిలోనే ఉంది. కూతురికి పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద పోయే నంద్యాల అమ్మను వలసల లెక్కలో ఎవరూ వేయరు. ఆరు నెలలు పథ్యం వండి, పసిబిడ్డకు నలుగు పెట్టి వస్తుంది. ఖద్దామా చేసిన పనే ఇది, జీతం లేదంతే. జీతం తీసుకున్న చోట తలవంపులు, తీసుకోని చోట గొప్ప. లింగం, దేశం, వలస గురించి స్త్రీవాదులు సరిహద్దులు దాటి మాట్లాడుకోవలసింది ఈ లెక్క గురించే అని నా నమ్మకం.

కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపనికి రోజుకు పన్నెండు గంటల హద్దు, వారానికో సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతపు సెలవు పెట్టింది. అమలు అంతంతమాత్రం. కానీ అదే ఆడమనిషి కువైట్ పోకముందు నంద్యాలలో ఎవరింట్లోనో అంట్లు తోమినప్పుడు ఆమెకు పనిగంటలు, వారం సెలవు రాసిచ్చిన కేంద్ర చట్టమే లేదు. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో తెచ్చిన 189వ ఒడంబడికను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. పరాయి దేశపు యజమానిని 2,500 డాలర్ల పూచీ అడిగిన ప్రభుత్వం ముందు ఆ ఒడంబడికను ఆమోదించాలి.