పాత లాప్‌టాప్ ఆన్ కాకపోతే: ముందు ఫైళ్ళు, తర్వాత మరమ్మతు

బీరువాలో రెండు మూడేళ్ళుగా పడి ఉన్న లాప్‌టాప్‌ను తీసి బటన్ నొక్కితే చాలా ఇళ్ళలో ఏమీ జరగదు. పాతదే కదా, పడేద్దాం అనిపిస్తుంది. కానీ బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఎక్కడి తెలుగు ఇంట్లోనైనా ఆ పెట్టెలో మళ్ళీ దొరకనివి కొన్ని ఉంటాయి. తాతగారు టైపు చేయించిన వంశవృక్షం, అమ్మమ్మ పాడగా రికార్డు చేసిన మంగళహారతులు, పొలం కాగితాల స్కాన్లు, సంఘం సభ్యుల జాబితా లాంటివి. పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చదువుకుంటున్న ఇంట్లో తెలుగులో రాసి పెట్టినది అదొక్కటే కావచ్చు.

అందుకే ఒక మాట గుర్తుంచుకోండి. లాప్‌టాప్ వేరు, అందులోని ఫైళ్ళు వేరు. మెషీన్ పూర్తిగా చచ్చిపోయినా డిస్క్ బాగుంటే ఫైళ్ళు దాదాపు ఎప్పుడూ బయటకు వస్తాయి. తొందరపడి చేసిన ఫార్మాట్ మాత్రం వాటిని పోగొడుతుంది.

ముందుగా చూడాల్సింది: బ్యాటరీ ఉబ్బిందా?

చార్జర్ పెట్టకముందే లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి చూడండి. అడుగు సమంగా ఆనకపోయినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, కీబోర్డు మధ్యలో ఉబ్బినా బ్యాటరీ చెడిందని అర్థం. దాన్ని చార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు, మంటలు లేవచ్చు. గడియ జరిపితే ఊడే రకమైతే మెల్లగా తీసి, మండే వస్తువులకు దూరంగా పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. లోపల బిగించిన రకమైతే షాపుకే తీసుకెళ్ళండి.

ఏ లైటూ వెలగకపోతే

లోపం సాధారణంగా కరెంటు దారిలో ఉంటుంది. ప్లగ్ పాయింట్‌లో మరో వస్తువు పెట్టి చూడండి. అడాప్టర్ మీది చిన్న లైటు, గోడ నుంచి వచ్చే వైరు, లాప్‌టాప్‌లోకి దూర్చే పిన్ను ఒక్కొక్కటే చూడండి. పిన్ను కదిలిస్తే లైటు వెలిగి ఆరిపోతుంటే చార్జింగ్ జాక్ వదులైందన్నమాట. అది చిన్న మరమ్మతే.

ఇంకొకరి చార్జర్ తెచ్చి పెట్టేముందు లాప్‌టాప్ అడుగున ఉన్న లేబుల్ చదవండి. వోల్టులు సరిపోవాలి: మోడల్‌ను బట్టి తరచు 19, 19.5 లేదా 20 ఉంటుంది. ఆంపియర్లు లేబుల్ మీద ఉన్నంత లేదా అంతకు మించి ఉండాలి. లాప్‌టాప్‌కు 3.42 ఆంపియర్లు కావాలంటే 4.74 ఆంపియర్ల చార్జర్ వాడవచ్చు, 2 ఆంపియర్లది సరిపోదు. పిన్ను పట్టినంత మాత్రాన అన్నీ సరిపోయినట్టు కాదు.

తర్వాత ఈ పని చేయండి. చార్జర్ తీసేయండి. బ్యాటరీ ఊడదీయగలిగితే అదీ తీసేయండి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా చార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేయండి. ఏళ్ళ తరబడి వాడని బ్యాటరీ పూర్తిగా చచ్చి ఉండవచ్చు. చాలా పాత లాప్‌టాప్‌లు అది లేకుండానే నడుస్తాయి.

లైటు వెలిగి స్క్రీన్ నల్లగా ఉంటే

ఫ్యాన్ తిరుగుతోందా, క్యాప్స్ లాక్ లైటు పనిచేస్తోందా చూడండి. గది చీకటి చేసి స్క్రీన్ మీద టార్చి వేయండి. మసకగా అక్షరాలు కనబడితే లాప్‌టాప్ బాగానే ఉంది, స్క్రీన్ వెనక దీపం పోయింది. మానిటర్‌కో టీవీకో కేబుల్ కలపండి. అక్కడ బొమ్మ వస్తే ఫైళ్ళన్నీ ఆ తెర మీదే చూసి కాపీ చేసుకోవచ్చు.

వరుసగా బీప్ శబ్దాలు వస్తున్నా, లైటు ఆగి ఆగి మెరుస్తున్నా తరచు ర్యామ్ మీద అనుమానం పెట్టుకోవాలి. చార్జర్, బ్యాటరీ తీసేశాకే అడుగున ఉన్న చిన్న మూత విప్పండి. ర్యామ్ పలక రెండు పక్కల క్లిప్పులు విడదీస్తే పైకి లేస్తుంది. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, గట్టిగా మళ్ళీ పెట్టండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ అంచులకు చిలుము పట్టడం మామూలే. రెండు పలకలుంటే ఒక్కొక్కటి పెట్టి పరీక్షించండి.

తేదీ, సమయం తప్పని మెసేజ్ వస్తే బోర్డు మీది చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో అది 3 వోల్టుల సీఆర్2032 రకం. అది మార్చేలోపు తేదీ సరిచేసి ముందుకు వెళ్ళవచ్చు.

డిస్క్ కనబడలేదని మెసేజ్ వస్తే

ముందు పెన్‌డ్రైవ్, సీడీ, మెమరీ కార్డు ఏదైనా మరచిపోయారేమో చూసి తీసేయండి. తర్వాత ఆన్ చేస్తూనే ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్, డిలీట్‌లలో మీ మోడల్‌కు పనికొచ్చే కీ నొక్కుతూ సెటప్ తెరవండి. అక్కడ హార్డ్ డిస్క్ పేరు కనబడితే మంచి సంకేతం. కనబడకపోతే డిస్క్ వదులై ఉండవచ్చు, లేదా చెడిపోయి ఉండవచ్చు.

డిస్క్ నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసిన కొద్దీ లోపలి పళ్ళెం గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో విండోస్ రిపేర్ గానీ, డిస్క్ చెకింగ్ గానీ నడపకండి. ఫైళ్ళు విలువైనవైతే డేటా రికవరీ చేసేవారికి నేరుగా ఇవ్వడమే మార్గం. ఖర్చు ఎక్కువ కాబట్టి ముందే అడగండి.

విండోస్ సగంలో ఆగిపోతే

విండోస్ 7 అయితే ఆన్ చేస్తూనే ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్ ఎంచుకోండి. విండోస్ 10లో, లోగో వచ్చినప్పుడు పవర్ బటన్ పట్టి ఆపడం వరసగా మూడుసార్లు చేస్తే రిపేర్ మెనూ వస్తుంది. అందులో రీసెట్ జోలికి ఇప్పుడే పోకండి.

ఒకవేళ తెరుచుకుంటే మొదటి పని కాపీ. ఇంటర్నెట్ కలపకండి, అప్‌డేట్లు మొదలైతే పాత మెషీన్ గంటల తరబడి ఇరుక్కుపోతుంది. పైగా విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది.

ఫైళ్ళు బయటకు తీసే రెండు దారులు

ఒకటి, డిస్క్ విప్పడం. పాత లాప్‌టాప్‌లలో ఎక్కువగా 2.5 అంగుళాల సాటా హార్డ్ డిస్క్ ఉంటుంది. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ లేదా కేసు కొని, మరో కంప్యూటర్‌కు కలిపితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి ల్యామింగ్టన్ రోడ్డు లాంటి చోట్ల ఇవి సులువుగా దొరుకుతాయి. 2005 ముందటి మెషీన్‌లో పిన్నులున్న ఐడీఈ డిస్క్ ఉండవచ్చు, దానికి కేబుల్ వేరు. డిస్క్‌ను ఫోటో తీసుకెళ్ళి చూపించండి. కలిపినప్పుడు ఫార్మాట్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దు అనే నొక్కండి.

రెండు, పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడపడం. మరో కంప్యూటర్‌లో లైనక్స్ మింట్ వంటిదాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పాతదాన్ని దాంతో ఆన్ చేయవచ్చు. మరీ పాతదైతే పప్పీ లైనక్స్ లాంటి తేలికైనది కావాలి. ఇన్‌స్టాల్ అన్నది నొక్కకుండా ఫైళ్ళు కాపీ మాత్రం చేసుకోండి.

విండోస్ 10 మెషీన్లలో కొన్నింటికి డిస్క్ తాళం వేసి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ లాప్‌టాప్ వాడినవారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉండవచ్చు.

తెలుగు ఫైళ్ళకు ఒక జాగ్రత్త

అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్ళి పత్రికలు, సంచికలు, ఉత్తరాలు కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైలు చెడిందని చాలామంది చెరిపేస్తారు. చెడలేదు, ఫాంటు లేదంతే. అందుకే పత్రాలతో పాటు సీ డ్రైవ్‌లో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేయండి. పాత లాప్‌టాప్ నడుస్తుంటే అందులోనే ఒక్కో పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చండి, అదీ కుదరకపోతే కాగితం మీద ప్రింటు తీయండి. యూనికోడ్‌లో టైపు చేసినవాటికి ఈ ఇబ్బంది లేదు.

షాపుకు ఇచ్చేటప్పుడు

విండోస్ లేవకపోతే చాలా షాపుల్లో మొదట చెప్పే మందు ఫార్మాట్. రెండు మాటలు స్పష్టంగా చెప్పి, రసీదు మీద రాయించండి: ఫార్మాట్ చేయవద్దు, పాత డిస్క్ తిరిగి ఇవ్వాలి. ఇంకా నమ్మకం కావాలంటే డిస్క్ ఇంట్లో ఉంచుకుని మిగతా లాప్‌టాప్ మాత్రమే ఇవ్వండి. కరెంటు, స్క్రీన్, ర్యామ్ లోపాలు చూడటానికి డిస్క్ అక్కర్లేదు.

ఫైళ్ళు చేతికి వచ్చాక రెండు వేర్వేరు చోట్ల ఉంచండి: ఒకటి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరో తమ్ముడి దగ్గరో. ఫోటోలకు, పాటలకు ఎవరివో, ఏ ఊరివో పేర్లు రాయండి. ఆ పేర్లు చెప్పగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని పూర్తి చేసుకోండి.